తరిమెన మీద దేవుళ్లు

మా చెల్లెలి కూతురు అనకాపల్లిలో దేవుళ్లను అమ్మదలచినది. ఈ మాట ఇంత మొరటుగా వ్రాసినందులకు చదువరులు నన్ను మన్నింతురు గాక. ఆ పిల్ల ఫోనులో నాతో పలికిన పలుకు ఇంతకంటె మెత్తగా లేదు. "ఉద్యోగం మానేశాను మావయ్యా. నూకాలమ్మ గుడి దారిలో చిన్న గది అద్దెకు తీసుకున్నాను. చేత్తో చేసిన దేవుడి సామాను, పాతకాలపు గుళ్ల తీరులో ఉండేవి, పెట్టి అమ్ముతాను. కొత్త అమావాస్యకు రెండు నెలలే ఉంది. సరుకు చూడ్డానికి నాతో రెండు రోజులు తిరుగు" అని, నా సమ్మతి కొరకు ఆగక, ఎక్కవలసిన రైలు కూడ చెప్పివేసినది. చిన్నతనమున సంక్రాంతి బొమ్మల కొలువు నాడు మెట్ల మీది బొమ్మలను ప్రక్కయింటి పిల్లలకు బేరము పెట్టి తల్లిచేత మొట్టికాయలు తినిన పిల్ల గావున, నాకు ఆశ్చర్యము కలుగలేదు. కొంచెము భయము మాత్రము కలిగినది.

మాఘమాసపు మంచు ఇంకను వీడని వేళ నేను స్టేషనులో దిగితిని. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి అనకాపల్లి జిల్లా కేంద్రమైనది గాని, ఊరి నడక మాత్రము శారదానది యొడ్డున చెరకు గానుగ త్రిప్పుకొను నాటి నడకయే. గది యజమాని బెల్లపు వర్తకుడు. ఆయన మాకు కాఫీ తెప్పించి, మాటల నడుమ రెండు దిమ్మలు తెచ్చి బల్లపై నుంచెను. ఒకటి పసుపు కొమ్మువలె నిగనిగలాడుచున్నది, రెండవది తేనె రంగు దాటి నలుపునకు దిగుచున్నది. "ఏది కొంటారు బాబూ?" అని ఆయన యడుగగా నేను తడుముకొనక పసుపుదానిని చూపితిని. "అందరూ అంతేనండి. పాకంలో హైడ్రోస్ వేస్తే ఆ రంగొస్తాది. ఈ నల్లదాన్లో ఏటీ కలపలేదు. మా ఇంట్లో ఇదే తింటాం. మార్కెట్లో ధర మట్టుకు దానికే" అని నవ్వెను. తాను అమ్మునది యొకటి, తాను తినునది మరియొకటి యని ఇంత నిర్వికారముగ చెప్పగల వర్తకుని సత్యసంధతకు ముగ్ధుడనైతిని. ఆ దిమ్మల జత మాత్రము అటుపిమ్మట రెండు దినములును నా తలను వదలలేదు.

గవరపాలెములో వెలసిన నూకాంబికకు, ఉగాదికి ముందునాటి కొత్త అమావాస్యతో మొదలిడి నెలదినముల పాటు జాతర సాగును. అప్పుడు కాక విడి దినములందును ఆ వీధి యంతయు పసుపు, కుంకుమ, గాజులు, రవికెల గుడ్డలు, పటములతో క్రిక్కిరిసియే యుండును. ఆ అంగళ్లలో అచ్చున పోసిన దేవతామూర్తులు వరుసలు దీరి యున్నవి. కొన్నింటి తల వెనుక చిన్న దీపములు గిఱగిఱ తిరుగుచున్నవి. కొంతసేపు నిలిచి చూచినమీదట నాకొక విశేషము కనబడినది: లక్ష్మికిని, సరస్వతికిని, దుర్గకును ముఖము ఒక్కటియే, ఏనుగునో, హంసనో, సింహమునో చూచి యెవరో పోల్చుకొనవలెను. నా మేనకోడలు ఒక బొమ్మను త్రిప్పి అడుగున నంటించిన ధర నాకు చూపి, "చేత్తో చేసింది ఈ ధరకు ఎవరూ ఇవ్వలేరు మావయ్యా. నా దగ్గర ఉన్నది ముప్పై వేలు. ఇందులోనే సరుకు, అద్దె, బోర్డు అన్నీ. మరి నేను ఏం పెట్టాలి?" అనెను. మేనమామలు పెండ్లిపీటల మీద కూర్చుండబెట్టుటకే గాని యిట్టి ప్రశ్నలకు సమాధానములు చెప్పుటకు పుట్టినవారు కారు. "ముందు శంకరం కొండకు పోదాం పద" అంటిని; నాకు తోచిన దంతియే.

శంకరము అనకాపల్లికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున నున్న పల్లె. సంఘారామ మన్న శబ్దము జనుల నోట నలిగి నలిగి శంకరమైనదని పెద్దలు చెప్పుదురు. వరిమళ్ల నడుమ జంటగా లేచిన రెండు గుట్టలలో తూర్పుదానిని బొజ్జన్నకొండ యనియు, పడమటిదానిని లింగాలకొండ యనియు అందురు. క్రీస్తుశకము నాలుగవ శతాబ్ది మొదలు తొమ్మిదవ శతాబ్ది వరకు ఇచట బౌద్ధభిక్షువుల నివాసము సాగినది. బుద్ధుని కొండ యన్నది బొజ్జన్నకొండ యైనంత మాత్రమున ఆ మహానుభావునకు వచ్చిన నష్టము లేదు గాని, కొంతకాలము క్రిందటి వరకు కనుమ పండుగనాడు చుట్టుపట్ల జనము వచ్చి ఆ మూర్తిని రాక్షసుడని తలచి రాళ్లు రువ్వెడివారట! ఒక కాలమువారు పూలు చల్లిన చోటనే మరియొక కాలమువారు రాళ్లు విసరిరి, ఇరువురును భక్తులే.

అలెగ్జాండరు రీ అను పురాతత్త్వ శాఖాధికారి 1907 ప్రాంతమున ఇచట త్రవ్వకములు జరిపించెను. సముద్రగుప్తుని బంగారు నాణెము, కుబ్జవిష్ణువర్ధనుని రాగి నాణెములు, మట్టి ముద్రలు అప్పుడు వెలువడినవి. చక్రవర్తుల నాణెములు మ్యూజియములకు అలంకారములు. నా మనస్సు మాత్రము ఆ మట్టి ముద్రలపై నిలిచినది. అచ్చుతో నొత్తిన గుప్పెడు మట్టి. దాని కొరకు ఏ రాజును కోశాగారము తెరువనక్కరలేదు. బౌద్ధక్షేత్రములందు యాత్రికులు పుణ్యార్థము సమర్పించుటకో, గుర్తుగా ఇంటికి గొనిపోవుటకో ఇట్టివి వాడుకలో నుండెడివి. కొండ మీద గుహను తొలిపించుటకు రాజో, శ్రేష్ఠియో కావలెను; కొండ క్రింద గుప్పెడు మట్టిని అచ్చున నొత్తుటకు ఒక కుటుంబము చాలును. ఆ కుటుంబము ఏ చెట్టు క్రింద కూర్చుండెనో, పదింటికి ఎంత యడిగెనో వ్రాసియుంచినవారు లేరు గాని, అట్టి కుటుంబమొకటి ఉండియే తీరవలెనని నాకు తోచినది.

ఇది మన దేశమునకే చెల్లిన ముచ్చట కాదు. ఇంగ్లండున కాంటర్బరీ దేవాలయమునందు 1170లో థామస్ బెకెట్ అను మతాచార్యుడు హతుడైన పిమ్మట, ఆయన సమాధిని దర్శింపవచ్చిన యాత్రికులు సీసము, తగరము కలిపి పోత పోసిన చిన్న బిళ్లలను కొని టోపీలకు కుట్టించుకొని పోయెడివారు; తీర్థజలము నింపిన సీసపు కుప్పెలును అచట దొరకెడివి. స్పెయినున కాంపొస్టెలాకు పోయినవారు ఆల్చిప్పను గుర్తుగా తెచ్చుకొనెడివారు. పురీనుండి తిరిగి వచ్చు మన అవ్వలు కొయ్య జగన్నాథుని మూటలో కట్టుకొని తెచ్చుట, తిరుపతి పోయినవారు ఎఱ్ఱచందనపు బొమ్మల జతను తెచ్చి పిల్లల కొలువులో నిలుపుట, ఆ పరంపరలోనివే. మధ్యయుగపు శిల్పమనగానే మనకు గోపురములు, కుడ్యములు కన్నులకు కట్టును. సామాన్యుని చేతికి దక్కిన మధ్యయుగము మాత్రము చేసంచిలో పట్టునంత చిన్నది.

బొజ్జన్నకొండ గుహలో, స్తంభముల నడుమ, కొండరాతినుండియే తొలిచి నిలిపిన స్తూపమొకటి కలదు. అది చూచి దిగి, లింగాలకొండ యెక్కునప్పటికి ఎండ చుఱుక్కుమనుచున్నది. ఆ కొండ వెన్నంతయు ఏకశిలా స్తూపములు. పెద్దవి, చిన్నవి, మోకాలెత్తువి, నిలువెత్తువి, వరుస మీద వరుసగా రాతిలోనుండి మొలచినట్లున్నవి. లింగములని జనులు భ్రమపడుటలో తప్పేమియు లేదు. అడుగున పళ్లెము వంటి పీఠము, దానిపై బిందె బోర్లించినట్టి అండము. కాలము తినగా మిగిలినది అంతియే. నా మేనకోడలు ఒక చిన్న స్తూపము ప్రక్కన చతికిలబడి, దాని అంచు వెంబడి గాలిలో వ్రేలు త్రిప్పుచు, "మావయ్యా, దీన్ని ఎటునుంచి చూసినా ఒకేలా ఉంది. లేతు మీద పెట్టి తిప్పినట్టు లేదూ!" అనెను.

ఆ మాట నన్ను నిలిపివేసినది. నిఘంటువులు తరిమెన యనెడి యంత్రమును ఇప్పటి పనివారు లేతు మిషనందురు. కొయ్య తిరుగుచుండగా ఉలి ఆనించి గుండ్రముగ చెక్కుట దాని పని. స్తూపము సరిగా అట్టి రూపము. 1163లో కట్టిన హనుమకొండ వేయిస్తంభముల గుడిలో తరిమెన పట్టినట్లు నున్నగా తీర్చిన కంబములను చూచి నేను పూర్వమొకప్పుడు గంటసేపు కదలలేకపోతిని. ఈ రీ గారే 1892లో గుంటూరు సీమలోని భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినపుడు బుద్ధధాతువులను దాచిన రాతి కరండములు, స్ఫటికపు కుప్పె వెలువడినవి. వాని మూతల పైనను, అంచుల పైనను బ్రాహ్మీలిపిలో అక్షరములు చెక్కియున్నవి. గుండ్రని పెట్టె, దానిపై అమరెడి మూత, లోపల పూజ్యవస్తువు. ఆ కరండమునకును, మా అమ్మ ప్రొద్దుటిపూట దేవుని గూటిలోనుండి తీసి మూత త్రిప్పెడి లక్క కుంకుమ భరిణెకును నడుమ రెండువేల యేండ్ల కాలము కలదు. రూపములో మాత్రము ఆ దూరము లేదు. ఇది నేను పిల్లకు చెప్పలేదు. ఆమెయే కొండ దిగుచు, "మూత పెడితే భరిణె అవుతుంది" అని తనలో తాననుకొనినది.

మరునాడు ఉదయము ఏటికొప్పాకకు బయలుదేరితిమి. జాతీయ రహదారిపై తుని వైపు పోవు బస్సులో ఎలమంచిలి దాక, అచటినుండి ఆటోలో. ఎలమంచిలిని నేటి యాత్రికుడు కిటికీనుండి కూడ చూడడు. మధ్యయుగమున చాళుక్యుల శాఖ యొకటి ఇచటినుండి పాలించినది. సమీపముననున్న పంచధారల ధర్మలింగేశ్వరాలయమున వారి శాసనములు నిలిచియున్నవి. విన్నకోట పెద్దన కావ్యాలంకారచూడామణిని ఈ వంశపు విశ్వేశ్వర భూపాలునికే అంకితమిచ్చెను. రాజును, కవియు, అలంకారశాస్త్రమును వెలసిన చోట ఇప్పుడు ఆటోవాడు తలకు ఇరువది రూపాయలకు బేరమాడుచుండెను. మా పిల్ల పదునైదునకు దింపినది. ఆమె వ్యాపారము నిలుచునన్న ఆశ నాకు మొదటిసారి కలిగిన దప్పుడే.

ఏటికొప్పాక వరాహనది యొడ్డున నున్నది. 1933లో ఈ యూర నెలకొన్న సహకార సంఘము చక్కెర కర్మాగారము నడపి ఒకనాడు పేరు గడించినది గాని, లోకమునకు ఈ యూరి పేరు తెలియుట లక్కబొమ్మల వలన. వీధిలోనికి పోగానే వినబడునది మిషనుల రొద. ఇంటింట అరుగు వెనుక ఒక లేతు, దాని ముందు కొయ్యపొట్టులో కూర్చున్న మనిషి. పూర్వము ఒకరు త్రాడు లాగుచు త్రిప్పగా మరొకరు ఉలి పట్టెడివారట. ఇప్పుడు కరెంటు త్రాడు లాగువాని పని గైకొన్నది. మేము పోయిన యింటి పెద్ద అరువది దాటినవాడు. కనుబొమల మీద కూడ తెల్లని పొట్టు పేరుకొని యున్నది. "కూకోండి బాబూ. అమ్మా, ఆ పీట లాక్కో. ఏటి కావాల?" అని యడిగి, మేము చెప్పక మునుపే పని మొదలిడెను. పనివారు మాటలకంటె పనియే త్వరగా చెప్పగలరు.

కొయ్య అంకుడు. తెల్లగా, మెత్తగా, గఱుకు లేకుండ నుండును. ఉలి ఆనించినంతనే రిబ్బనువలె చివ్వున లేచును. కన్నడదేశపు చన్నపట్టణమున లక్కబొమ్మలు చేయువారును ఈ చెట్టునే వాడుదురు. అడవిలోనుండి తెచ్చిన కొమ్మలను నెలల తరబడి నీడపట్టున ఎండబెట్టవలెను. ఒక ముక్కను మిషనున బిగించి, ఆ యింటిపెద్ద ఉలిని ఆనించెను. చూచుచుండగా మెడ, నడుము, పాదపీఠము తేలినవి. అపుడు నాకు ఈ కళలోని కిటుకు తెలిసినది. తరిమెనకు గుండ్రనివి తప్ప రావు. కావున ఏటికొప్పాక దేవుడు గోళములు, స్తంభములు, శంకువుల కూర్పు. తల ఒక బంతి, మొండెము ఒక గొట్టము, కిరీటము ఒక మొగ్గ. చేతులను వేరుగ తీసి అతికింతురు. నడుమును మూడు వంపులుగ వంచి నిలిచిన కృష్ణుడు ఈ యంత్రమునకు చిక్కడు. నిటారుగ నిలిచిన వేంకటేశ్వరుడు, మొద్దుతనమే సొబగైన జగన్నాథుడు, బొజ్జ వినాయకుడు హాయిగా వత్తురు. ఏ దేవుడు ఏ పనిముట్టునకు ప్రసన్నుడగునో తెలిసికొనుటకంటె శిల్పికి వేరు ఆగమశాస్త్రము అక్కరలేదేమో!

పిమ్మట లక్క. పాండవులను కాల్చుటకు ఇల్లు కట్టించిన ద్రవ్యమిదియే. చెట్ల కొమ్మలపై లక్షలుగా పట్టు చిన్న పురుగులు తమ చుట్టు స్రవించుకొను జిగురు ఇది. లక్ష యన్న సంఖ్యనుండియే లాక్ష యన్న పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ జిగురును బొగ్గుల కుంపటిపై వేడిచేసి, రంగు కలిపి, పిండి పిసికినట్లు పిసికి సాగదీసి కడ్డీలు చేయుదురు. తిరుగుచున్న కొయ్యకు ఆ కడ్డీని ఒత్తిపట్టగా, రాపిడి వేడిమికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును. అప్పటికి అది గీతలు గీతలుగా, మొద్దుగా నుండును. ఆ యింటిపెద్ద ప్రక్కనుండి ఎండిన మొగలిరేకు తీసి, మడిచి, తిరుగుచున్న బొమ్మకు ఆనించెను. ఒక్క క్షణములో అద్దము వలె నునుపు తేలినది. పూజకు పనికిరాదని శివుడు శపించిన మొగలికి దేవుళ్లను మెఱుగుపెట్టు నౌకరీ ఇచట దొరకినది.

రంగుల కథ వేరుగ చెప్పవలసినది. ఒక దశలో ఏటికొప్పాకను రసాయనిక వర్ణములు ఆక్రమించినవి. చవుక, మెఱుపు, శ్రమ తక్కువ. అయితే బొమ్మ పసిపిల్లల నోటికి పోవునది. ఈ యూరివారే యైన సి.వి. రాజు గారు 1990 ప్రాంతమునుండి పాతరంగులను వెదకి మరల వాడుకలోనికి తెచ్చిరి: పసుపు కొమ్ము పసుపునకు, జాఫరా గింజ నారింజ యెఱుపునకు, నీలి నీలమునకు, నీలియు పసుపును కలిపి ఆకుపచ్చకు, చెక్కలు బెరడులు గోధుమ వన్నెకు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున ఈ యూరిని ప్రస్తావించిరి. 2023లో రాజు గారికి పద్మశ్రీ లభించినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముగా ఈ బొమ్మలే ఢిల్లీ వీధిలో నడచినవి. ఇన్ని జరిగిన పిమ్మటను, మేము కూర్చున్న యింటి అరుగుపై, ఎండిన అంకుడు కొయ్య చాలక రెండు మిషనులలో ఒకటి నిలిచియే యున్నది. శకటము నడచినంత సుళువుగ అడవినుండి కొయ్య నడచిరాదు.

నేను బెల్లపు దిమ్మలను తలచుకొని, "రంగు కొంచెం మందంగా ఉందని గిరాకీలు అనరా?" యని యడిగితిని. ఆయన నవ్వి, ఎండకు వెలసిన పాత బొమ్మ నొకదానిని చూపెను. "అంటారు బాబూ. కళ్లు సెదిరేటట్టు కావాలంటారు. అలాటోళ్లకి నాను ఒకటే చెప్తాను: మీ పిల్లోడు నోట్లో ఎట్టుకుంటాడా, లేదా? ఎట్టుకుంటాడంటే ఇదే తీసుకో." ఇంతటి క్లుప్తమైన వర్తకశాస్త్రమును నేను ఏ గ్రంథమునను చదువలేదు.

అంతట మా పిల్ల సంచిలోనుండి కాగితము తీసినది. లింగాలకొండ మీది స్తూపమును ఆమె రాత్రి కూర్చుండి గీసినది: అడుగున మెట్టు, పైన అండము, శిథిలమై పోయిన శిఖరమునకు బదులు మూడు చిన్న గొడుగులు. అండము నడుమనుండి మూత విడివడవలెను. లోపల కుంకుమ పట్టవలెను. ఆ యింటిపెద్ద కాగితమును తలక్రిందులుగ, అడ్డముగ త్రిప్పి చూచి, "ఇదేటమ్మా, లింగమా?" అనెను. "కాదు తాతా, మన శంకరం కొండ మీదిది." "ఓ, బొజ్జన్నదా!" అని, వేరొక మాట లేక ముక్క బిగించెను. పావుగంటలో స్తూపము వచ్చినది. నేను పులకించితిని. ఆయన పులకింపలేదు, మూతను పెట్టి తీసి, పెట్టి తీసి, పెదవి విరచెను. "గొడుగులు బాగొచ్చేయి. మూత పట్టలేదు. ఈ కర్ర ఇంకా ఎండాల. ఈరోజు పట్టినా ఎండాకాలం వొచ్చేసరికి లూజైపోద్ది. తలకిందలైతే కుంకుమంతా ఒలికిపోద్ది, మరి ఆడోళ్లు ఊరుకుంటారేటి?"

మూత పట్టు. ఆ రెండు మాటల చుట్టు మిగిలిన పూటంతయు బేరము నడచినది. బాగుగ నెండిన కొయ్య కావలెనన్న నెల యాగవలెను. ఆగిన ముప్పది వేలలో అద్దె రెండు వేలు తరిగిపోవును. తడి కొయ్యతో చేసిన రేపే సరుకు చేతికి వచ్చును. ఆ సరుకు జాతర నాటికి బాగుగనే యుండును, జాతరకు వచ్చిన పల్లెల వారిండ్లలో వైశాఖమున మూతలు ఊడును. ఇట్టి మూతలు అమ్మి ఆ డబ్బుతో పైకి వచ్చినవారిని నేను ఎరుగుదును. పెద్ద ఈ రెండు త్రోవలను చెప్పి ఊరకుండెను. నేనును నోరు మెదపలేదు. పిల్ల చాలసేపు పొట్టును కాలితో ప్రోగు చేయుచు కూర్చుండి, తుదకు బేరము తేల్చినది: ఇంట నెండి సిద్ధముగ నున్న కొయ్యతో ఎన్ని వచ్చునో అన్నియే, అవి నలుబది. మిగిలిన డబ్బునకు మూత లేని వస్తువులు: జగన్నాథులు, దశావతారముల వరుస, పెండ్లికూతురు పెండ్లికొడుకుల జతలు, లక్కపిడతలు. మరిన్ని స్తూపముల సంగతి తరువాత చూచుకొందుము.

ధర విషయమున మాత్రము ఆమె ఎలమంచిలి ఆటోవానితో నాడినట్లు ఆడలేదు. ఆయన చెప్పినది విని, ఒక నిమిషము లెక్క వేసికొని, సగము చేతిలో పెట్టినది. దారిలో నేను అడిగితిని గదా, "దేవుడికి బేరం ఆడకూడదంటారు కదా మావయ్యా" అనెను. నేను ఒప్పుకొనలేదు. ప్రాణప్రతిష్ఠ జరుగనంత వరకు అది అంకుడు కొయ్యయే. ఆ యింట కొలువు తీరిన ముప్పది వేంకటేశ్వరులకు నైవేద్యము లేదు, దీపము లేదు, ఒకరిద్దరు గంపలో తలక్రిందులుగ నున్నారు. వెల కొయ్యకు, లక్కకు, మొగలిరేకు ఆనించిన వ్రేళ్లకు. కొని తీసికొనిపోయిన వారి యింట, గూటిలో, ఎవరో ఒక ముసలమ్మ మొదటి పువ్వు పెట్టిన నాడు అది దేవుడగును. ఆ పువ్వునకు ముందే దేవుడని పేరు పెట్టి పనివానికి వెల తగ్గించువారు కలరు; దేవుడని పేరు పెట్టి కొనువానికి వెల పెంచువారును కలరు. ఆమె ఈ ప్రసంగమంతయు విని, "అయితే బోర్డు మీద 'దేవుళ్లు' అని రాయను. 'లక్క సామాను' అని రాస్తాను" అనెను. నా వేదాంతమునకు ఇంత త్వరగా ప్రయోజనము దొరకునని నేననుకొనలేదు.

చట్టపు ముచ్చటలను దాటుట కుదరదు గాన రెండు మాటలు. 2021 జనవరి 1వ తేదీ నుండి దేశమున అమ్ము ఆటబొమ్మలకు నాణ్యతా ప్రమాణముల ముద్ర తప్పనిసరియైనది. అయితే కేంద్ర హస్తకళల శాఖలో నమోదైన చేతిపనివారు చేసి అమ్ము వస్తువులకును, భౌగోళిక గుర్తింపు గల వస్తువులకును ఆ నియమమునుండి సడలింపు నిచ్చిరి. కావున పెద్దయొక్క గుర్తింపు కార్డును, అది యెంత నలిగినదైనను, అడిగి చూచుకొనుట చిన్న అంగడివారికి క్షేమము. వేరొక చోట యంత్రమున కోసి, మెఱుగు నూనె పూసిన దానిని ఏటికొప్పాక పేరుతో అమ్మరాదు. మా పిల్ల ఇవన్నియు ముందే చదివి వచ్చినది. నాకు చెప్పినది ఆమెయే.

ఉగాదికి నాలుగు దినముల ముందు నేను మరల అనకాపల్లి పోయితిని. గది నిండ జగన్నాథుల గుండ్రని కన్నులు. నలుబది స్తూపములలో ముప్పదియెనిమిది బల్ల మీద మూడు వరుసలుగ, లింగాలకొండను చిన్నది చేసి తెచ్చి పెట్టినట్లు, నిలిచియున్నవి; ఒకటి ఆమె తల్లికి, ఒకటి బెల్లపు వర్తకునికి పోయినవి. ఆయన దానిని గల్లాపెట్టె ప్రక్కన నుంచుకొని అందులో వక్కపలుకులు వేసికొనుచుండెను. వీధిలో డప్పులు మ్రోగుచున్నవి. నేను ఒక మూల స్టూలుపై కూర్చుండి చూచుచుండగా, ఒక్క గంటలో పదిమంది లోనికి వచ్చి లక్కపిడతలు బేరమాడి వెడలిరి. స్తూపమును చేత పట్టినవారు లేరు.

చివరకు ఏబది యేండ్ల స్త్రీ యొకతె, కాళ్లకు పారాణి, చంకలో మనుమడు, బల్ల దగ్గర నిలిచి ఒకదానిని తీసి బరువు చూచినది. "ఇదే దేవుడమ్మా?" మా పిల్ల నా వంక చూచినది. నేను చెప్పదలచినచో క్రీస్తుశకము నాలుగవ శతాబ్దినుండి మొదలిడవలసి వచ్చును, నోరు మూసికొంటిని. "మూత తీసి చూడండి పిన్నీ, కుంకుమ పెట్టుకోవచ్చు" అనెను పిల్ల. ఆమె మూత తీసినది, పెట్టినది, మరల తీసినది. తలక్రిందులు చేసి రెండుసార్లు విదిలించి చూచినది. మనుమడు చేయి చాచి గొడుగులను పట్టుకొని నోటిలో పెట్టుకొనెను.

"ఎంత?"

పిల్ల చెప్పినది. ఆమె చెంగు ముడి విప్పుచు, "రెండు తీస్తే తగ్గిస్తావేటి?" అనెను.